భర్తకి పాము కావాలి, భార్యకి పామంటే భయం: ఒక కేసు

ఇంగ్లండ్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు జంట గురించి రాస్తున్నాను. ఊళ్ళు, వయసులు, ఉద్యోగాలు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఇద్దరూ చదివి ఒప్పుకున్నాకే దీనికి తుదిరూపం ఇచ్చాను.

పాముల భయానికి మంచి చికిత్స ఉందని మా వృత్తిలో యాభై ఏళ్ళకి పైగా తెలుసు. ఈ కేసులో కష్టం చికిత్సలో లేదు. భయం పోవాలని వచ్చింది భార్య. పోతే కోరిక తీరేది భర్తకి. ఈ రెండూ కలిసిపోయినప్పుడు వాటిని ఎలా విడదీశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెకి ముప్పై దాటాయి. కృష్ణా డెల్టాలో వరి పొలాల మధ్య ఉన్న ఊళ్ళో పెరిగింది. తండ్రి బడిపంతులు. ఇంట్లో మాంసం వండరు. ఏడెనిమిదేళ్ళ వయసులో, కోతల రోజుల్లో, పనలు ఎత్తుతున్న కూలి మనిషిని రక్తపింజరి కరిచింది. పసరు మందని, మంత్రమని కొన్ని గంటలు గడిపేశాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అతను బతకలేదు. ఆమె ఆ పామునీ చూడలేదు, ఆ మనిషినీ చూడలేదు. గుర్తున్నదల్లా నాయనమ్మ పెట్టిన కేక. ఆ రోజు నుంచి నాయనమ్మ చీకటి పడితే ఇంట్లో పాము మాట ఎత్తనిచ్చేది కాదు, 'పురుగు' అనాల్సిందే. దొడ్లో తాడు కదిలినా మనవరాల్ని చంకనెత్తుకుని అరుగెక్కేది.

పాము కాటు తిననివాళ్ళకి ఇంత భయం ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. 1980లలో మనస్తత్వవేత్త సూసన్ మినేకా, ఆమె సహచరులు రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగాలు ఈ విషయంలో చాలా చెప్పాయి. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులకి పామంటే భయం ఉండేది కాదు. భయపడే కోతిని చూశాక అవీ భయపడటం నేర్చుకున్నాయి. అదే పద్ధతిలో పువ్వుని చూపిస్తే ఆ భయం అంటుకోలేదు. పాము విషయంలో పక్కవాళ్ళ భయం చాలా త్వరగా మనదవుతుంది.

అలాగని ఆ నాయనమ్మ భయాన్ని మూఢత్వం అనలేను. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే ఏటా సగటున 58,000 మంది, ఎక్కువగా పల్లెల్లోని వాళ్ళు. ఆ పొలాల్లో ఆ భయం పిల్లల్ని కాపాడింది. చికిత్స పొడవునా ఇది నా మనసులో ఉంది.

భర్త హైదరాబాద్‌లో పెరిగాడు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, ఇళ్ళలో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదిలే స్వచ్ఛంద బృందంతో తిరిగాడు. తనకి ఇష్టంగా ఉన్న రోజులు అవేనని చెప్పేటప్పుడు అతని గొంతే మారిపోయింది. మన పాముల్ని ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి అక్కడ ఆ ఆలోచన చేయలేదు. ఇంగ్లండ్‌లో కార్న్ స్నేక్‌కి లైసెన్సు అక్కర్లేదు. అమెరికాకి చెందిన ఈ పాముకి విషం లేదు. నాలుగైదు అడుగులు పెరుగుతుంది, పదిహేను ఇరవై ఏళ్ళు బతుకుతుంది.

ఏ పరిస్థితిలో వచ్చారు

పాములు పెంచి అమ్మే ఒకాయనకి భర్త అడ్వాన్సు కట్టాడు. ఆ సంగతి తెలిసిన రాత్రి నుంచి ఆమెకి నిద్ర లేదు. అంతకుముందే ఇంటి వెనక గడ్డిలో నడిచేది కాదు. చెప్పులు దులపకుండా తొడుక్కునేది కాదు. టీవీలో పాము కనిపిస్తే గది వదిలి వెళ్ళిపోయేది. సెలవులకి ఊరెళ్ళినప్పుడు నాగుల చవితికి అందరూ పుట్ట దగ్గర పాలు పోస్తుంటే తను కారు దిగేది కాదు. ఇప్పుడు వాటికి తోడు రాత్రుళ్ళు లేచి మంచం కింద లైటు వేసి చూడటం మొదలైంది.

మొదటి రోజు ఆమె అన్న మాట: "నా భయమైనా పోగొట్టండి, లేదా ఆయన మనసైనా మార్చండి. ఏదో ఒకటి చేయండి."

రెండో పని నాది కాదని చెప్పాను. మొదటిది మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేశాను: పాము ఇంటికి రాదని ఇవాళే తేలిపోతే, అప్పుడు కూడా మీకు ఈ చికిత్స కావాలా?

ఈ ప్రశ్న వేయడానికి కారణం ఉంది. భయానికి ఎదురెళ్ళే చికిత్సలో కష్టమైన ఘడియలు ఉంటాయి. ఆ ఘడియల్లో మనిషి తన కోసం నిలబడుతుంది కానీ మొగుడి ముచ్చట కోసం ఎక్కువసేపు నిలబడదు. నిలబడినా, మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపే స్వేచ్ఛ తనకి లేదనుకుంటుంది. పైగా "భయం తగ్గితే పాము వస్తుంది" అన్న లెక్క లోపల ఉంటే, భయం తగ్గకుండా ఉండటమే ఆమెకున్న ఒకే ఒక్క రక్షణ అవుతుంది.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. తర్వాతి వారం వచ్చి కూతురి సంగతి చెప్పింది. నాలుగేళ్ళ పిల్ల పార్కులో వానపాముని చూసి కేక పెట్టి తల్లి కాళ్ళెక్కబోయింది. "ఆ కేక నాకు తెలుసు, అది మా నాయనమ్మది" అంది. "పాము వచ్చినా రాకపోయినా నాకిది కావాలి."

ఆ తర్వాత భర్తని పిలిచి ముగ్గురం ఒక మాట అనుకున్నాం. చికిత్స నడుస్తున్నన్నాళ్ళూ, అయిపోయాక ఇంకో మూడు నెలలూ పాము కొనే మాట ఇంట్లో ఎత్తకూడదు. కట్టిన అడ్వాన్సు వెనక్కి తీసుకోవాలి. భయం పోయినా "వద్దు" అనే హక్కు ఆమెకి ఉంటుంది. భర్త ముఖం చిన్నబోయింది. అయినా ఒప్పుకున్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. చికిత్స సగం నిలబడింది అక్కడే అని నా నమ్మకం.

అంచనా

ఇది కేవలం అయిష్టమా, ఫోబియానా అని చూడాలి. ఆరు నెలలకి పైగా ఉండటం, ప్రమాదానికి మించిన భయం, తప్పించుకు తిరగడం వల్ల రోజువారీ బతుకు కుంచించుకుపోవడం, అన్నీ ఉన్నాయి. 30 ప్రశ్నల పాము భయం ప్రశ్నావళిలో (ఎక్కువ వస్తే భయం ఎక్కువ) 26 వచ్చాయి. మూతపెట్టిన పెట్టెలో రబ్బరు పాము ఉంచి దగ్గరికి రమ్మంటే గుమ్మం దాటలేదు.

అంకెల కంటే నాకు పనికొచ్చినవి ఆమె జోస్యాలు. "పాము ఎదురుపడితే ఏమవుతుందనుకుంటున్నారు?" అని గుచ్చి గుచ్చి అడిగాను. మూడు తేలాయి. నన్ను చూడగానే మీదికి వస్తుంది. బట్టల్లోకి దూరితే ఇక తియ్యలేం. నేను స్పృహ తప్పి పడిపోతాను. భయం తగ్గించమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఇలాంటి జోస్యాన్నైతే పరీక్షకి పెట్టొచ్చు. మూడోదాని గురించి అప్పుడే ధైర్యంగా చెప్పగలిగాను: రక్తం, సూదులు అంటే భయపడేవాళ్ళకి రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగొచ్చు. జంతువుల భయంలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. పడిపోతానన్న భావన ఎంత బలంగా ఉన్నా, ఈ భయంలో పడిపోవడం చాలా అరుదు.

పనిచేయనివి

నా దగ్గరికి రాకముందే భర్త చాలా ప్రయత్నించాడు. కార్న్ స్నేక్ ఎంత సాధువో చెప్పే వీడియోలు చూపించాడు. ఒకసారి స్నేహితుడి ఇంటి నుంచి కుబుసం తెచ్చి, చెప్పకుండా ఆమె చేతిలో పెట్టాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, "ముట్టుకుంటే తెలుస్తుంది" అనుకున్నాడు. ఆ తర్వాత ఆమె అతని చేతిలో ఏముందో చూడకుండా ఏదీ అందుకోలేదు. విషం లేదన్న సమాచారం ఆమెకి ముందే తెలుసు. జవాబు తెలిసిన ప్రశ్నకి మళ్ళీ మళ్ళీ జవాబు చెప్పడం వల్ల, తన మాట ఎవరూ వినడం లేదనే భావన ఒక్కటే మిగిలింది.

మా పని కండరాలు వదులు చేసుకునే సాధనతోనూ బొమ్మలతోనూ మొదలైంది. 1958లో జోసెఫ్ వోల్పే పుస్తకంగా తెచ్చిన పాత పద్ధతి ఇది. నేరుగా పాము దగ్గరికి వెళ్ళే దారి వేగవంతమని తెలిసినా దీన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే ఆ దశలో ఆమె ఒప్పుకున్నది ఇదొక్కటే. కుబుసం సంగతి జరిగాక, ఆమె ఒప్పుకోని అడుగు నేను వేయకూడదు. గీసిన బొమ్మ, నలుపు తెలుపు ఫొటో, రంగు ఫొటో, వీడియో. ఫొటో చూస్తే 0 నుంచి 100 కొలతలో 80 ఉండే భయం 30కి దిగింది. ఇంటి దగ్గర కూడా శ్రద్ధగా చేసింది.

తర్వాత పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్ళాం. గాజు పెట్టెలు ఉన్న వరస కనిపించగానే భయం 95. నేర్చుకున్నదేదీ పనికిరాలేదు.

ఎందుకని ఇద్దరం కూర్చుని చూశాం. భయం పెరిగినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టేది. ఫొటోలో కూడా పాముని కాక దాని వెనకున్న ఆకుల్ని చూసేది. అంటే ఆమె మెదడు నేర్చుకున్న పాఠం "పాము ఏమీ చేయలేదు" అని కాదు, "ఊపిరి లెక్కపెట్టాను కాబట్టి బయటపడ్డాను" అని. భయం అంకె తగ్గడం, జోస్యం తప్పని తేలడం రెండూ ఒకటి కావని మిషెల్ క్రాస్కె వంటి మనస్తత్వ పరిశోధకులు ఇటీవలి దశాబ్దాల్లో గట్టిగా చెబుతున్నది ఇదే. బొమ్మ ఎప్పటికీ మీదికి రాదు. కాబట్టి బొమ్మతో ఆమె మొదటి జోస్యం పరీక్షకే రాదు.

దారి మార్చడం

1969లో ఆల్బర్ట్ బండూరా బృందం పాముల భయం ఉన్నవాళ్ళ మీద చేసిన పోలికలో, ఎదురుగా ఒకరు చేసి చూపిస్తూ, పక్కనుండి చేయించే పద్ధతి మిగతావాటి కంటే బాగా పనిచేసింది. 1989లో లార్స్ యోరన్ ఓస్ట్ ఈ తరహా పనిని మూడు గంటల దాకా సాగే ఒకే బైఠక్‌గా మలిచాడు. దీన్నే ప్రతిపాదించాను. ఆమె ఒక రాత్రి ఆలోచించి సరేనంది.

చేసి చూపించేది ఎవరు? భర్త ఉత్సాహంగా ముందుకొచ్చాడు. కానీ ఆమె చెప్పింది నాకు సబబుగా తోచింది: "ఆయనకి భయమే లేదు. ఆయన పట్టుకుంటే నాకేం తెలుస్తుంది?" భయమే లేని నిపుణుడి కంటే, భయపడుతూ దాన్ని దాటేవాళ్ళని చూసినప్పుడు ఎక్కువ లాభమని 1970ల నుంచి తెలుసు. వదిలేసిన సరీసృపాల్ని చేరదీసే ఒక కేంద్రంలో పనిచేసే మహిళ ఒకప్పుడు పాముల గది తలుపు తీయలేకపోయేదట. ఆమెని అడిగాం. భర్తని ఆ రోజు ఇంటి దగ్గరే ఉండమన్నాం.

పాము ఎంపిక కూడా చిన్న విషయం కాదు. పిల్లపాములు చురుగ్గా, బెదురుగా కదులుతాయి కాబట్టి పెద్దదాన్ని తీసుకున్నాం. కుబుసం విడిచే ముందు పాము కళ్ళు పాలపొరలా మసకబారతాయి, అప్పుడు చిరాగ్గా ఉంటుంది, కాబట్టి కళ్ళు తేటగా ఉన్నదే కావాలన్నాం. తిన్న రెండు రోజుల్లోపు ముట్టుకుంటే కక్కే అవకాశం ఉంది, అది చూస్తే ఆమె మళ్ళీ రాదు, అందుకని మేత రోజు చూసుకుని వెళ్ళాం. ఇవేవీ ఆమెని మభ్యపెట్టడానికి చేసినవి కావు. అన్నీ ఆమెకి ముందే చెప్పాను. చెప్పకుండా ఏదీ జరగదన్నది మా మొదటి నియమం. రెండో నియమం: ఆగమంటే ఆగుతాం, కానీ ఆ అడుగు దగ్గరే ఆగి ఊపిరి తీసుకుంటాం, గది వదిలి పారిపోం.

ఆ మధ్యాహ్నం

గుమ్మం దగ్గర: "లోపలికి వస్తే ఏమవుతుంది?" "నావైపు తిరుగుతుంది, గాజుకి కొట్టుకుంటుంది." నమ్మకం ఎంత? 90. లోపలికి వచ్చింది. పాము కదల్లేదు. ఊపిరి లెక్కపెట్టకుండా, పాము తల మీంచి చూపు తిప్పకుండా, అది ఏం చేస్తోందో పైకి చెప్పమన్నాను. ఏడుస్తూనే చెప్పింది. "నాలుక బయటపెట్టింది. మళ్ళీ పెట్టింది. అది కాటేయడానికా?" పాము నాలుకతో వాసన పట్టుకుంటుందని కేంద్రం ఉద్యోగిని అంది. అదే మాట వీడియోలో ఎన్నోసార్లు విన్నా, ఎదురుగా చూస్తూ విన్నప్పుడు అది ఆమెకి జవాబైంది. ఈసారి ఆ ప్రశ్న ఆమే అడిగింది కాబట్టి.

మొదటి గంట చాలా నెమ్మదిగా నడిచింది. మూత తీయడం, ఉద్యోగిని చేతుల్లో పాముని ఒక గది దూరం నుంచి చూడటం, ఉద్యోగిని భుజం పట్టుకోవడం, మోచెయ్యి పట్టుకోవడం. తర్వాత పాము నడుము మీద ఒక వేలు. తడిగా, జిగటగా ఉంటుందనుకుంది. పొడిగా ఉంది. వేలు తీసి చూసుకుని మళ్ళీ పెట్టింది.

రెండు చేతుల్లోకి తీసుకున్నాక నేను ఎదురుచూస్తున్నది జరిగింది. పాము ఆమె చొక్కా చేతిలోకి తల దూర్చింది. ఆమె నావైపు చూసింది. నేను తీసేయొచ్చు. ఉద్యోగిని చేయి ముందుకొచ్చింది కూడా. వద్దని సైగ చేశాను. మేం తీసేస్తే రెండో జోస్యం నిజమైనట్టే మిగిలిపోతుంది, "వాళ్ళు లేకపోతే ఏమయ్యేదో" అని. "ఏమవుతుందన్నారు?" అని అడిగాను. "తియ్యలేం అన్నాను." "ఎలా తియ్యాలో ఆమెని అడగండి." మధ్యలో ఒడుపుగా పట్టుకుని, లాగకుండా, అది వెళ్ళిన దారినే వెనక్కి తేవాలని ఉద్యోగిని చెప్పింది. ఆమే తీసింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంకోసారి దూరనిచ్చి, మళ్ళీ తనే తీసింది. చివరికి భయం 35 దగ్గర ఉంది. దాన్ని సున్నా చేయాలని నేను ప్రయత్నించలేదు. మూడు జోస్యాల మీదా నమ్మకం మాత్రం పదిలోపుకి వచ్చింది.

తర్వాతి వారాల్లో వేరే పాములతో, వేరే గదిలో, నేను లేకుండా, భర్త పక్కనుండగా ఇవే చేసింది. ఒకే పాముతో, ఒకే చోట నేర్చుకున్నది అక్కడికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. కూతుర్ని తీసుకెళ్ళడం అన్నిటికన్నా చివర పెట్టాం, తల్లి ముఖంలో బెదురు తగ్గాక.

ఊరికి వెళ్ళే ముందు

ఇక్కడ ఇంగ్లిష్ మార్గదర్శకాల్లో దొరకని పని ఒకటి మిగిలింది. ఆమె సంక్రాంతికి ఊరెళ్తోంది. కార్న్ స్నేక్‌ని ఒళ్ళో పెట్టుకున్న ధైర్యం డెల్టా పొలంలో ప్రాణం తీయొచ్చు. అక్కడ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఉన్నాయి. విషం లేని జెర్రిపోతునీ నాగుపామునీ చూపుతో తేడా చెప్పగల అనుభవం ఆమెకి లేదు.

అందుకని ఏ భయాన్ని వదలాలో, ఏ జాగ్రత్తని ఉంచుకోవాలో విడిగా కూర్చుని రాసుకున్నాం. ఏ పామో తెలియకపోతే దగ్గరికి వెళ్ళకూడదు, అందరికీ చెప్పి దూరంగా ఉండాలి. చీకట్లో టార్చి, కాళ్ళకి బూట్లు. కట్లపాము రాత్రుళ్ళు నిద్రలో ఉన్నవాళ్ళని కరుస్తుంది కాబట్టి నేల మీద పడుకోకుండా, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని పడుకోవాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పసరు పూయడం వద్దు. అవయవం కదపకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. మంచం కింద పదిసార్లు చూడటం, పగటిపూట కళ్ళంలోకి అడుగుపెట్టకపోవడం, పాము మాట వింటేనే గది వదలడం, ఇవి మాత్రం పోవాలి. ఈ జాబితా రాస్తున్నప్పుడు ఆమె తేలికపడింది. నాయనమ్మ చెప్పిందంతా తప్పని ఒప్పుకోవాల్సిన అవసరం లేదని తెలిసినందుకు అనుకుంటాను.

భయం పోయాక మిగిలింది

మూడు నెలల గడువు తీరాక దంపతులు కలిసి వచ్చారు. భర్త ఆశగా ఉన్నాడు. ఆమె "వద్దు" అంది.

"భయం పోయింది కదా, ఇంకేంటి?" అన్నాడతను. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక.

కార్న్ స్నేక్ తినేది ఎలుకల్ని. చచ్చిన ఎలుకల్ని గడ్డకట్టించి అమ్ముతారు. వాటిని ఇంట్లో ఫ్రీజర్‌లో ఉంచి, మంచు కరిగించి పెట్టాలి. "నేను పప్పు వండే వంటింట్లో, దేవుడి గూటికి నాలుగడుగుల దూరంలో ఎలుకలా?" అని అడిగింది. భర్త ఊరు మీద ఉన్నప్పుడు ఆ మేత పెట్టాల్సింది తనే. అదీ పదిహేను ఇరవై ఏళ్ళు.

ఇది మిగిలిపోయిన ఫోబియానా? ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. జంతువుల భయాల్లో అసహ్యం పాలు ఉంటుంది, దానికీ ఎదురెళ్ళే పద్ధతులున్నాయి. కానీ ఆమె కేంద్రంలో పాము ఎలుకని తినడం నిలబడి చూసింది, చూపు తిప్పుకోలేదు. ఆమెకి అభ్యంతరం తన వంటిల్లు ఎలా ఉండాలన్నది. అది ఆమె ఆచారం, ఆమె ఇల్లు. దాన్ని రోగలక్షణంగా లెక్కగట్టే అధికారం నాకు లేదు. ఆ మాట భర్తకి స్పష్టంగా చెప్పాను. అతని దిగులుకీ చోటిచ్చాను. ఎన్నాళ్ళుగానో దాచుకున్న కోరిక అది, దాన్ని పిల్లచేష్ట అనడం అన్యాయం. అతను ఎందుకు పాము కావాలనుకుంటున్నాడో ఆమె మొదటిసారి భయం అడ్డులేకుండా వింది ఆ రోజే. అంతకుముందు ఆ మాట వస్తేనే ఆమెకి చెవులు మూసుకుపోయేవి.

అతను శనివారాలు ఆ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేసేలా కుదుర్చుకున్నారు. పాముల్ని శుభ్రం చేయడం, మేత పెట్టడం, వచ్చినవాళ్ళకి చూపించడం.

ఇలాంటి జంటలు మీ దగ్గరికి వస్తే, చికిత్సకీ కొనుగోలుకీ మధ్య గడువు పెట్టమని, ఆ గడువుని భాగస్వామి నోటితోనే ఒప్పించమని చెబుతాను. భయాన్ని కొలిచేటప్పుడు దానితో పాటు అయిష్టాన్ని, ఆచారాన్ని, ఇంటి పని లెక్కల్ని విడివిడిగా అడగండి. ఇవన్నీ మొదట్లో "భయం" అనే ఒకే పేరుతో వస్తాయి. భయం తగ్గితేగానీ మిగతావి బయటపడవు. పల్లె నుంచి వచ్చినవాళ్ళయితే, వాళ్ళు మళ్ళీ వెళ్ళే నేల ఎలాంటిదో కనుక్కోకుండా "పాములు ఏమీ చేయవు" అన్న మాట మాత్రం అనకండి.

ఏడాది తర్వాత

ప్రశ్నావళిలో స్కోరు 7. ఇంటి వెనక గడ్డిలో నడుస్తోంది. మంచం కింద చూడటం పోయింది. చెప్పులు దులపడం ఇంకా ఉంది, దాన్ని వదిలేయమని నేను అడగలేదు. ఊళ్ళో గడ్డివాము దగ్గర పాము కనిపిస్తే కూతుర్ని వెనక్కి తీసుకుని, కేక పెట్టకుండా మనుషుల్ని పిలిచిందట. అది జెర్రిపోతని తర్వాత తెలిసింది.

కొన్ని శనివారాలు ముగ్గురూ కేంద్రానికి వెళ్తున్నారు. ఇంట్లో పాము లేదు. గ్యారేజీ ఉన్న ఇంటికి మారితే, అందులో వేరే ఫ్రీజర్ పెట్టుకునే వీలుంటే, మళ్ళీ మాట్లాడుకుందామని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాటల్లో నా అవసరం పడితే రమ్మన్నాను. పడదనే అనుకుంటున్నాను.